ఆగలి అంటే ఆగమని కాదు

నాయకుల దగ్గర సలహాదారులుగా చేరాలనుకునే పిల్లలు ఈ మధ్య పుంగనూరులో మా ఇల్లు వెతుక్కుంటూ వస్తున్నారు. ఒకమ్మాయి ల్యాప్‌టాప్ తెచ్చింది. ఒకబ్బాయి రంగురంగుల గ్రాఫులు తెచ్చి మా అరుగు నిండా పరిచాడు, మా ఆవిడ ఎండబెట్టిన వడియాలు పక్కకు జరపాల్సి వచ్చింది. అందరూ అడిగేది ఒకటే: "అంత పెద్ద నాయకురాలికి ఇరవై రెండేండ్లు కుడిభుజంగా ఎట్లుండారు సార్?"

ఆ కుడిభుజానికి ఎప్పుడూ ఒక సంచి వేలాడుతుండేదని ముందుగా చెప్పాలి. అందులో లలితమ్మ గారి కళ్ళద్దాలు, గొంతు బొంగురుపోతే బుగ్గన పెట్టుకునే కరక్కాయ ముక్కలు, ఒక జత అదనపు చెప్పులు, ఆమె ఫోను ఉండేవి. రాష్ట్ర రాజకీయాల గురించి నేను ఇచ్చిన సలహాలు ఆమె పదింటికి ఒకటి విని ఉంటుంది. కరక్కాయ మాత్రం అడిగిన ప్రతిసారీ తీసుకుంది.

ఆమె ఏ పదవుల్లో ఉన్నదీ, నాకు ఏ హోదా ఇప్పించిందీ ఇక్కడ రాయను. ఆ ఉద్యోగం నిజానికి ఏమిటో రాస్తాను. నేను చేసిన ఒక ఘనకార్యం కూడా రాస్తాను. అది తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒకేసారి నవ్వూ వస్తుంది, చెమటా పడుతుంది.

షామియానా చీర

మాది పుంగనూరులో బట్టలంగడి. లలితమ్మ అప్పుడే రాజకీయాల్లో అడుగుపెట్టింది. మొదటి బహిరంగ సభకు చీర కొనడానికి మా అంగడికి వచ్చి, ఎరుపూ నీలం పెద్ద గళ్ళ చీర భుజం మీద వేసుకుని అద్దంలో చూసుకుంది. వెంట వచ్చిన పదిమందీ ఆహా అన్నారు. నేనూ ఆహా అని ఉంటే చీర అమ్ముడుపోయేది. నా నోరు ఊరుకుంటేగా.

"వద్దమ్మా. ఇది కట్టుకుంటే షామియానాలో కలిసిపోతారు. జనానికి మైకు ఒగటే కనపడతాది" అన్నాను.

పదిమందీ నన్ను తినేసేలా చూశారు. ఆమె మాత్రం ఆ చీర మీదే కూలబడి నవ్వింది. చివరికి పసుపుపచ్చ చీర కొనుక్కుని మెట్లు దిగుతూ, "రేపు సభకి నువ్వూ రా శెట్టెప్పా. అంగడి ఎవురైనా సూసుకుంటారు" అంది. ఆ రేపు ఇరవై రెండేళ్ళు సాగింది. అంగడి మా తమ్ముడు చూసుకున్నాడు, నాకన్నా బాగా చూసుకున్నాడు కూడా.

ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలు చదువుకున్నవాళ్ళు, తెలివైనవాళ్ళు. కానీ నాయకుడికి తెలియనిది చెప్పాలని తహతహలాడతారు. నాయకుడికి చాలావరకు అన్నీ తెలుసు. పక్కన ఉన్న పదిమందీ చెప్పడానికి భయపడేది చెబితే అదే చాలు, జీతం గిట్టుబాటైనట్టే.

తల ఊపే పని

లలితమ్మ పుట్టిల్లు రామసముద్రం దాటాక వచ్చే కన్నడ పల్లె. మెట్టినిల్లు మదనపల్లె పక్కన. తెలుగు ధారాళంగా మాట్లాడుతుంది. తిట్లయితే మరీ ధారాళం. ఒప్పుకునేటప్పుడు మాత్రం ఆమె నోట పుట్టింటి మాటే వచ్చేది: "ఆగలి." కన్నడంలో దాని అర్థం సరే, అట్లాగే కానీ అని. అదే మాట తెలుగు చెవిలో పడితే మధ్యలో దీర్ఘం తగిలించుకుని "ఆగాలి" అయి కూర్చుంటుంది. సరే అన్నది కాస్తా ఆగమన్నట్టు అవుతుంది.

నేను చేరిన కొత్తలో గుర్రంకొండ వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. వాళ్ళ ఊరికి బస్సు వేయించమని అడిగాడు. లలితమ్మ "ఆగలి" అంది. ఆయన వెళ్ళి వరండాలో కూర్చున్నాడు. పొద్దున టిఫిన్ పెట్టారు, తిన్నాడు. మధ్యాహ్నం సంగటి పెట్టారు, తిన్నాడు. సాయంత్రం ఆమె బయటికి వస్తూ చూసింది.

"నీ పని పొద్దున్నే అయిపాయ గదప్పా. యాల ఈడే కూసోనుండావు?"

"మీరే గదమ్మా ఆగాలంటిరి" అన్నాడాయన. "మేమయితే ఆగాల అంటాము. పెద్దోళ్ళు గదా, పేపర్లో మాదిరి మాట్లాడతాండారేమో అనుకుంటి."

ఆ రోజు నుంచి నాకు అసలైన ఉద్యోగం దొరికింది. ఆమె ఆగలి అనగానే నేను పక్కనుంచి తల పైకీ కిందికీ గట్టిగా ఊపాలి. జనం ఆమె మాట వినేవాళ్ళు, నా తల చూసి అర్థం చేసుకునేవాళ్ళు. వద్దనుకుంటే ఆమె "వద్దప్పా" అనేస్తుంది, దానికి ఊపే అవసరం లేదు. ఇన్నేళ్ళలో నా మెడ ఎన్నిసార్లు ఊగిందో ఆ దేవుడికే తెలియాలి. పెద్ద పెద్ద చదువులు చదివి ఈ పనికి వచ్చేవాళ్ళకు ఇది చిన్నతనంగా అనిపించవచ్చు. నాకు మాత్రం దాంట్లో భలే గర్వం ఉండేది. ఆమె మాటకు తాళంచెవి నా దగ్గర ఉందని మురిసిపోయేవాణ్ణి. ఆ మురిపెమే కొంప ముంచింది.

పదకొండు కారణాలు

లలితమ్మ మరిది చిన్నవయసులోనే పోతే ఆయన కొడుకు హరీష్‌ను ఆమే పెంచింది. వాడు హార్స్లీ హిల్స్‌లో ఒక రిసార్టులో మేనేజరుగా చేరాడు. అక్కడే పనిచేసే కవిత అనే అమ్మాయిని ఇష్టపడ్డాడు. ఆ పిల్లకీ వాడంటే ఇష్టం. తెలివైన పిల్ల, నవ్వుమొహం, ఏ వంకా లేదు. వంకంతా వాళ్ళ నాన్నతోనే.

వాళ్ళ నాన్న గోవిందప్ప కుప్పంలో పట్టుగూళ్ళ వ్యాపారి, మాకు ఎదుటి పార్టీ మనిషి. ఎన్నికలు వస్తే చాలు, బజారులో మైకు పట్టుకుని లలితమ్మను తిట్టేవాడు. ఆ వేడిలో నన్ను కూడా "సంచి శెట్టి" అని నాలుగు అనేవాడు. లలితమ్మను తిడితే రాజకీయంలే అనుకునేవాణ్ణి. నన్ను తిడితే మాత్రం అన్నం సహించేది కాదు.

కూతురు పట్టుబట్టడంతో గోవిందప్ప ఒక మెట్టు దిగాడు. ఒక గడువు పెట్టాడు. ఫలానా సోమవారం మధ్యాహ్నం లోపల లలితమ్మ నోటి మాట తనకు చేరాలి. సరే అంటే హరీష్‌తో తాంబూలాలకు రోజు చూసుకుంటారు. లేదంటే అదే సాయంత్రం ఐదింటికి కృష్ణగిరి నుంచి వచ్చే వేరే సంబంధం వాళ్ళతో తాంబూలాలు పుచ్చుకుంటారు. కవిత కూడా దానికి తలొగ్గింది. పెద్దవాళ్ళు కాదంటే పారిపోయి పెళ్ళి చేసుకునే రకం కాదు ఆ ఇద్దరూ.

ఆ సోమవారం పొద్దున కారులో నేను లలితమ్మకు ఈ పెళ్ళి ఎందుకు వద్దో చెప్పాను. పదకొండు కారణాలు చెప్పాను. మన కార్యకర్తలు ఏమనుకుంటారు, రేపు ఎన్నికల్లో వియ్యంకుడి మీద ఎట్లా మాట్లాడతాం, ఇట్లాంటివి. నాలుగు కారణాలు నిజమైనవి. మిగతావి అప్పటికప్పుడు పుట్టించాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది.

మదనపల్లె టమోటా మార్కెట్ దగ్గర దిగాం. రైతులు చుట్టుముట్టారు. పక్కన వేలంపాట అరుపులు, లారీల హారన్లు, కిందపడేసే క్రేట్ల చప్పుడు. అక్కణ్ణుంచి ఆమె మహిళా సంఘాల సమావేశానికి వెళ్ళాలి, నేను మరుసటి రోజు సభకు స్థలం చూడడానికి పుంగనూరు వెళ్ళాలి. వేరే బండి ఎక్కుతూ ఆమె వెనక్కి తిరిగి ఆ గోలలో ఒక్క ముక్క అంది.

"గోవిందప్పకి సెప్పు శెట్టెప్పా, ఆగలి అని."

నేను విన్నది: "గోవిందప్పకి సెప్పు శెట్టెప్పా, ఆగాలి అని."

నా తల ఊగలేదు. ఆహా, నా మాట నెగ్గింది అని లోపల గంతులు వేశాను. వెంటనే గోవిందప్పకు ఫోన్ చేశాను.

"అమ్మ ఆగాలంటాండారప్పా. ఏమీ అనుకోవద్దు" అన్నాను, గొంతులో సంతోషం దాచుకుంటూ.

"ఆగేదానికి నా బిడ్డ ఏమన్నా బస్టాండులో ఉండాదా?" అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

పుంగనూరు దారిలో హరీష్ ఫోన్ చేశాడు. "పెద్దమ్మ వద్దనిందంట గదా మామా. నిజమేనా?"

"నిజమే నాయనా. మనసు గట్టి చేసుకో."

"సరేలే మామా. పెద్దమ్మను మాత్రం ఏమీ అడగొద్దు, బాధపడతాది" అని పెట్టేశాడు. ఆ మాటకైనా నేను కరిగి ఉండాల్సింది. కరగలేదు. పుంగనూరు చేరగానే భోజనానికి మెస్సుకు పోనీమని మా డ్రైవర్ బాషాకు చెప్పాను.

పప్పు రావడం ఆలస్యమైంది

మెస్సులో కూర్చున్నాం. అన్నం వడ్డించారు, పప్పు రాలేదు. నేను చెయ్యి కడుక్కుని విస్తరి ముందు కూర్చుని "పప్పు యాడప్పా?" అని కేకేశాను.

"వస్తాండాదన్నా. రవ్వంత ఆగాల" అన్నాడు వడ్డించేవాడు.

ఆగాల. నా చెయ్యి అన్నంలో అట్లాగే ఉండిపోయింది. ఈ గడ్డ మీద ఎవరైనా ఆగాల అంటారు. ఆగాలి అని చివర 'లి' పెట్టి పలికేది పేపరూ టీవీ మాత్రమే. లలితమ్మ పేపరు భాష మాట్లాడగా ఇన్నేళ్ళలో నేను వినలేదు. ఆపాలనుకుంటే ఆమె వద్దప్పా అంటుంది. మరి ఆమె ఈ పొద్దున అన్నది ఏమిటి?

"బాషా, లెయ్" అన్నాను.

"పప్పు వస్తాండాది సార్."

"లెయ్ నాయనా. ఒక పెండ్లి చెడగొట్టేసినాను."

గోవిందప్పకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. నాలుగుసార్లు చేశాను, ఆ తరువాత రింగు కూడా పోలేదు. లలితమ్మ ఫోను నా సంచిలోనే ఉంది కదా, దాంతో చేశాను. ఈసారి ఎత్తాడు. "నేనప్పా, శెట్టిని" అనగానే కట్ అయింది. నా తెలివికి నన్ను నేనే మెచ్చుకోవాలి. హరీష్‌కు చేస్తే స్విచాఫ్. సమావేశంలో ఉన్న ఎవరికైనా ఫోన్ చేసి అమ్మను పిలిపించి నిజం చెప్పవచ్చు. అది చేయలేదు. భయమేసింది. ఇన్నేళ్ళు ఆమె మాటను మోసినవాణ్ణి, ఇప్పుడు దాన్ని తలకిందులుగా దింపేశానని ఏ ముఖంతో చెప్పేది? ఐదింటి లోపల కుప్పం చేరితే చాలు, అన్నీ సర్దేయవచ్చు అనుకున్నాను.

ఏనుగులకు తొందర లేదు

బాషా కారును గాల్లో నడిపాడు. నేను అన్నం తినని చేతితో డాష్‌బోర్డు పట్టుకుని కూర్చున్నాను. చేతికి అంటుకున్న మెతుకులు పలమనేరులో గానీ చూసుకోలేదు. దారిలో వాడికి విషయం చెప్పాను. వాడు స్టీరింగు వదిలేసి నవ్వాడు.

"ఇన్నేండ్లు తల ఊపి ఊపి, ఈ పొద్దు ఒక్క తూరి మర్చిపోతివా సార్?"

"నవ్వద్దు బాషా. బిన్నా పోనీ, ఐదింటి లోపల చేరాల."

పలమనేరు దాటి అడవి దగ్గరికి వచ్చేసరికి బండ్లన్నీ వరసగా నిలబడి ఉన్నాయి. ఏనుగులు రోడ్డు దాటుతున్నాయట. అటవీ శాఖ వాళ్ళు ఇంజన్లు ఆపించారు. నేను దిగి చూశాను. ముందు ఒక పెద్ద ఆడ ఏనుగు, మందకు నాయకురాలు కాబోలు, రోడ్డు మధ్యలో నిలబడి ఏదో ఆలోచిస్తోంది. దాని పక్కనే ఇంకొకటి ఉత్త పుణ్యానికి తల పైకీ కిందికీ ఊపుతోంది. అంత దిగులులోనూ నాకు నవ్వు ఆగలేదు. వచ్చిన నవ్వు ఏడుపులోకి దిగింది. కాపలా ఉన్న మనిషి భయపడ్డాడు.

"ఏమప్పా, ఏనుగుల్ని సూసి ఏడస్తాండావా?"

"లేదు నాయనా, మా ఆఫీసు గుర్తొచ్చింది" అన్నాను.

ముప్పావు గంట పట్టింది. ఒక్కొక్కటే దాటింది. చివరి గున్న ఏనుగు వెనక్కి వచ్చి మళ్ళీ దాటింది.

గోవిందప్ప ఇల్లు

కుప్పం చేరేసరికి ఐదు దాటి పది నిమిషాలు. గోవిందప్ప ఇంటి ముందు కృష్ణగిరి బండి ఆగి ఉంది. చెప్పులు కూడా విప్పకుండా లోపలికి పరుగెత్తాను. హాలు నిండా మనుషులు. మధ్యలో పళ్ళెం, అందులో తమలపాకులు, వక్కలు, పూలు, అరటిపళ్ళు. ఇంకా చేతులు మారలేదు. పురోహితుడు రావడం ఆలస్యమైందట. ఆ పురోహితుడికి నేను జన్మజన్మలకూ రుణపడి ఉంటాను.

"నిలపండప్పా. లలితమ్మ ఒప్పుకునింది. తప్పు నాది" అన్నాను.

గోవిందప్ప లేచాడు. "పొద్దున ఆగాలనింది, ఇప్పుడు ఒప్పుకునిందా? మా ఇంటికొచ్చి ఆటలాడతాండారా మీ పార్టీవోళ్ళు?"

"ఆమె అట్లనలేదు. నేనట్ల విన్నాను."

"ఏమనింది? ఆమె అనింది అనిండేట్టే అను."

"ఆగలి."

ఆయన ముఖం మారిపోయింది. పట్టుగూళ్ళు అమ్ముకోవడానికి వారానికి రెండుసార్లు కన్నడ సంతలకు పోయే మనిషి. ఆ మాట ఆయన చెవికి కొత్తేమీ కాదు. హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన నవ్వలేదు. నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఇన్నేండ్లు ఆమె పక్కనే ఉండావే. ఆ మాట నీకు తెలీదా?"

మార్కెట్లో గోల ఎక్కువగా ఉంది, సరిగా వినపడలేదు అని దారిపొడుగునా ఒక సమాధానం కూర్చుకున్నాను. మంచి సమాధానం. ఎవరూ తప్పుపట్టలేరు. కానీ గదిలోంచి వచ్చి తలుపు పట్టుకుని నిలబడిన కవిత కళ్ళు వాచి ఉన్నాయి. ఆ పిల్లను చూశాక అది నోట్లోంచి రాలేదు.

"తెలుసప్పా" అన్నాను. "నాకీ సమ్మంధం ఇష్టం లేదు. నువ్వు నన్ను మైకులో తిట్టినావని కడుపులో పెట్టుకోనుంటి. పొద్దున అమ్మకు పదకొండు కారణాలు చెప్తి. అందుకే ఆమె సరే అన్నా, నా చెవికి వద్దన్నట్టే పడింది."

కవిత లోపలికి వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చి నా చేతికిచ్చింది.

"తాగు మామా. ఇప్పుడన్నా ఇష్టమేనా నీకు?"

"ఇష్టమేనమ్మా."

"అట్లయితే హరీష్‌కి నువ్వే చెప్పు. నేను చెప్తే నమ్మడు."

వాడి ఫోను స్విచాఫ్. రిసార్టు నంబరుకు చేస్తే ఎవరో ఎత్తి, మేనేజరు గారు కొండ అంచున ఒక్కడే కూర్చున్నాడు, పిలిస్తే పలకడం లేదు అన్నాడు. "కుప్పం నుంచి పెండ్లికూతురు పిలస్తాండాదని చెప్పు" అన్నాను. పరుగెత్తుకొచ్చిన చప్పుడు ఫోన్లో వినపడింది. నేను చెప్పాల్సింది చెప్పి ఫోను కవితకిచ్చాను. ఆ పిల్ల నవ్వుతూ ఏడ్చింది. అటు వాడూ అదే పని చేసి ఉంటాడు.

కృష్ణగిరి పెద్దాయనకు చేతులు జోడించాను. ఆయన నా కన్నా పెద్దమనిషి. "విడుప్పా, పోనీలే. పిల్ల మనసు యాడుండాదో మాకూ ఇప్పుడే తెలిసె. ఆ వడలు మాత్రం పెట్టించండి, వాసనొస్తాండాది" అన్నాడు. అందరం కూర్చుని వడలు తిన్నాం. పొద్దుటి నుంచి ఏమీ తినలేదేమో, నేను తొమ్మిది తిన్నాను. తాంబూలాలకు మర్నాడు పదకొండు గంటలకు బాగుందని, అప్పుడు చేరిన పురోహితుడు చెప్పాడు.

తెల్లవారి

పొద్దున్నే మదనపల్లె వెళ్ళాను. లలితమ్మ వరండాలో కాఫీ తాగుతోంది. సంచి తీసి ఆమె ముందు పెట్టాను. జరిగింది చెప్పడానికి నోరు తెరిచాను.

"తెలుసు" అంది. "గోవిందప్ప నిన్న ఇంటి నంబరుకి చేసినాడు. అంతా సెప్పినాడు."

"నేనింక ఈ పనికి పనికిరానమ్మా. వేరే ఎవురినన్నా పెట్టుకోండి."

ఆమె కాఫీ గ్లాసు కింద పెట్టింది. కోపం వచ్చినప్పుడు ఆమె గొంతు పెరుగుతుంది. ఆ రోజు తగ్గింది.

"ఫోను నీ సంచిలోనే ఉండె గదా శెట్టెప్పా. అడిగి గోవిందప్పకి నేనే సెప్పలేనా? నీచేతనే యాల సెప్పిస్తి?"

నాకు తెలియదన్నాను.

"మనోళ్ళల్లో ఈ పెండ్లి ఇష్టం లేనోళ్ళు సానామంది ఉండారు. వోళ్ళందరికీ పెద్ద నువ్వు. నువ్వు నోరు తెరిసి సరే అని సెప్తే ఇంగ ఎవురూ ఏమీ అనలేరు. నీకు ఇష్టం లేకపోయినా నా మాట నా మాటగానే తీసకపోతావని నమ్మితి."

తిడితే బాగుండేది. నేను ఆమెకు ఇన్నేళ్ళు సలహాలు ఇస్తున్నానని అనుకున్నాను. ఆమె నా దగ్గర పెట్టుకున్నది అంతకన్నా చాలా పెద్దది, దాన్ని నేను ఒక్క దీర్ఘంతో పోగొట్టుకోబోయాను. వరండా స్తంభం పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. యాభై దాటినవాణ్ణి. వంటామె వచ్చి తొంగిచూసి వెళ్ళింది.

"ఏడ్సింది సాలు. మొగం కడుక్కో" అంది లలితమ్మ. "ఈ పొద్దు నేను రాలేను, సభ ఉండాది. మావోడి తరపున నువ్వే కూసోని తాంబూలాలు పుచ్చుకోని రా."

"నేనా అమ్మా? నిన్న అంత పని చేసినోణ్ణి?"

"బాషా బండి తీసినాడు. పో."

వెళ్ళాను. హాలు అదే, పళ్ళెం అదే. హరీష్ కొత్త చొక్కాలో బిక్కుబిక్కుమంటూ నా పక్కన కూర్చున్నాడు. పురోహితుడు లగ్నపత్రిక రాస్తూ, వరుడి తరఫు పెద్ద ఎవరు, పేరు చెప్పమన్నాడు. నేను పళ్ళెంలో తమలపాకులు సర్దుతూ కూర్చున్నాను. హరీష్ నా మోచెయ్యి తట్టాడు. నేను ఇంకో ఆకు తీసి సర్దాను.

ఎదురుగా కూర్చున్న గోవిందప్పే చెప్పాడు. మా ఇంటిపేరు, మా నాన్న పేరు, నా పేరు, ఒక్క అక్షరం తప్పు పోకుండా.